అమ్మ ఉన్న వాటా

ఆంబ్రోస్ గురువుగారికి ఒక పాడు అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ఎప్పుడో ఎక్కడో జరిగినదొకటి ఎత్తుకునేవారు, అది అయిపోగానే నోరు మూసుకునేవారు. అర్థమైతే అయింది, లేకపోతే వాడి ఖర్మ.

ఇది ఆరువందల ఏళ్ళ కిందటి మాట. రైన్ నది ఎగువన ఆయన మఠం. చిన్నప్పుడు అక్కడే చదువుకున్న లాంబర్ట్ ఒకనాడు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అతని తండ్రి ఆ ప్రాంతపు కౌంటు. కౌంటంటే మన జమీందారులాంటివాడే అనుకోండి, కాకపోతే రాజు యుద్ధానికి పిలిస్తే తనే గుర్రమెక్కి వెళ్ళాలి. ఆ తండ్రి ఈమధ్యే పోయాడు. ఇప్పుడు లాంబర్ట్, అతని తమ్ముడు ఆస్తి పంచుకోవాలి. అక్కడి ఆచారం ఏమిటంటే, పెద్దవాడు రెండు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు తనకు నచ్చినది ఏరుకోవాలి. చెడ్డ వాటా తన నెత్తినే పడొచ్చు కనక పెద్దవాడు మోసం చెయ్యలేడు. ఎవరు కనిపెట్టారో గానీ గట్టి బుర్రే!

"మూడు వారాలు కూర్చుని పంచాను గురువుగారూ," అన్నాడు లాంబర్ట్. "అడవి అటు వేస్తే పిండిమర ఇటు వేశాను. గుర్రపుశాల అటు వెళ్ళింది కదా అని అమ్మని ఇటు వేశాను. తమ్ముడు ఏది ఏరుకున్నా నాకు బాధ లేదు. ఇంతకన్నా ధర్మంగా పంచడం ఎవరి తరం? తప్పుంటే చెప్పండి."

గురువుగారు అవుననలేదు, కాదనలేదు. తన పడుచుతనంలో ఈ కొండల అవతల రైన్‌హార్ట్ అనే కౌంటు పోయాడని మొదలుపెట్టారు. ఆ కౌంటుకి భార్య మెక్తిల్డ్, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఫోల్క్‌మార్‌కి నది ఒడ్డు ద్రాక్షతోటల మీద ప్రాణం. చిన్నవాడు గెర్లాక్‌కి తల్లి మీద ప్రాణం. పసితనంలో మశూచి సోకితే నలభై రోజులు ఒళ్ళో పెట్టుకుని బతికించుకుంది. ముప్ఫై ఏళ్ళొచ్చినా ఆవిడ కాళ్ళకి మొక్కనిదే గడప దాటేవాడు కాదు.

అక్కడా ఇదే ఆచారం కనక వాటాలు వెయ్యవలసిన ఫోల్క్‌మార్ బాగా ఆలోచించాడు. ఒక వాటాలో ద్రాక్షతోటలు, పట్నం పెట్టాడు. రెండో వాటాలో కొండమీది రాతికోట, నాలుగు గొర్రెల మందలు, తల్లి. అమ్మ ఎటుంటే తమ్ముడు అటే పోతాడు, తోటలు తనవైపే ఉండిపోతాయి. ఆచారం ఎక్కడా తప్పలేదు, చూశారా!

పంపకం రోజున బంధువులూ సామంతులూ వచ్చి పట్నంలోని కోట చావడి నిండిపోయింది. గెర్లాక్ రెండు వాటాలూ రెండేసి సార్లు చదివించుకున్నాడు. విషయం అర్థమై ఒళ్ళు మండిపోయింది. అమ్మని ఎరగా వేసి నన్ను పడతావా అనుకున్నాడు.

"ద్రాక్షతోటలు నావి," అన్నాడు.

ఫోల్క్‌మార్ ముఖాన నెత్తుటి చుక్క లేదు. చావడి అంతా గొల్లున నవ్వింది. భలే దెబ్బ కొట్టావయ్యా అని గెర్లాక్ భుజం తట్టారు. అతనూ నవ్వాడు. నెల తిరక్కుండా అమ్మని తన దగ్గరికి తెచ్చుకోవచ్చు, ఆ మాట సాయంత్రం ఆవిడ చెవిలో వేస్తే సరిపోతుందని అతని ధీమా.

సాయంత్రం దాకా ఎవరాగారు? ఉడికిపోతున్న ఫోల్క్‌మార్ అప్పటికప్పుడే బండి కట్టించాడు. "నా వాటాకి వచ్చింది, నేను తీసుకుపోతున్నాను," అన్నాడు. మెక్తిల్డ్ లేచి నిలబడి కొడుకులిద్దరినీ చూసింది. "నా ఉన్ని శాలువా లోపలుంది. తెచ్చుకోనిస్తారా?" అని అడిగింది. తన ఇంట్లో తను అలా అడగవలసి వచ్చింది ఆ తల్లికి.

తరవాత గెర్లాక్ మూడుసార్లు మనుషుల్ని పంపాడు. పంపకం పంపకమేనంటూ ఫోల్క్‌మార్ వాళ్ళని తిప్పి పంపేశాడు. నాలుగోసారి తనే బయల్దేరాడు గానీ అప్పటికి మంచు పడి కొండదారి మూసుకుపోయింది. ఎండలొచ్చాక ఎక్కి వెళ్తే, ఆవిడ చలికాలంలోనే పోయిందని చెప్పి సమాధి చూపించారు. ఆ మట్టి మీద పడి ఏడ్చాడు. ఫోల్క్‌మార్ కూడా ఏడ్చాడట, తమ్ముడు కొండ దిగి వెళ్ళిపోయాక.

గురువుగారు ఆపేశారు. లాంబర్ట్ ముఖంలో వచ్చినప్పటి ధీమా ఇప్పుడు లేదు.

"ఇంతకీ ఆవిడకి ఎవరి దగ్గర ఉండాలని ఉండేది గురువుగారూ?" అని అడిగాడు చివరికి.

"తెలీదు నాయనా," అన్నారాయన. "ఆ వాటాల పత్రం రాసింది నేనే. ఆవిడ నాకు బారెడు దూరంలో కూచుని ఉంది."