రికాబు మీద పాలు

అనగా అనగా, ఏడాదిలో సగం రోజులు మంచే ఏలుకునే ఒక దేశం. ఆ దేశంలో వోల్గా అనే పెద్ద నది. అవతలి గట్టు రష్యా రాజుది, ఇవతలి గట్టు తాతార్ల ఏలిక ఖానుది. నీళ్లు గడ్డకడితే చాలు, ఒకరి మీదికి ఒకరు దండెత్తేవారు.

ఇవతలి గట్టున బీబీనూర్ అనే తల్లి గుర్రాలు మేపుకునేది. ఆమెకు ముగ్గురు కొడుకులు.

తాతార్లకు ఒక ఆచారం ఉంది. కొడుకు పోరుకు బయలుదేరితే, గుర్రమెక్కడానికి అతను కాలు పెట్టే రికాబు మీద తల్లి ఆడగుర్రం పాలు పోయాలి. పాలు పడని గుర్రాన్ని ఎంతటి వీరుడూ ఎక్కడు.

ఒక చలికాలం ఖాను వచ్చాడు. "రష్యావాళ్లు మన గడ్డివాములు తగలబెట్టారమ్మా. నీ పెద్దవాణ్ని పంపు" అన్నాడు. బీబీనూర్ పాలు పోసింది. గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది.

మరుసటేడు మళ్లీ వచ్చాడు. "నీ పెద్దవాణ్ని చంపినవాళ్లను ఊరికే వదులుతామా? నడిపివాణ్ని పంపు" అన్నాడు. ఏడుస్తూనే పోసింది. ఈసారి గుర్రం కూడా రాలేదు.

మూడో ఏడూ నది గడ్డకట్టింది. ఊరి తల్లులంతా పాలచెంబులతో మైదానంలో నిలబడ్డారు. చిన్నవాడు ఇల్దార్ గుర్రం పక్కన వణుకుతున్నాడు.

"నడిపివాడి పగ తీర్చుకోవాలి. పొయ్యమ్మా!" అన్నాడు ఖాను.

బీబీనూర్ చెంబు వెనక్కి తీసుకుంది.

"గడ్డి కోసం పెద్దవాడు పోయాడు. పెద్దవాడి కోసం నడిపివాడు పోయాడు. నడిపివాడి కోసం వీడూ పోతే, వీడి కోసం ఎవర్ని పంపను? పోస్తాను ప్రభూ. ముందు మీ అబ్బాయిని గుర్రమెక్కించండి. మొదటి చెంబు ఆయనకే!"

ఖాను కోటవైపు చూశాడు. "వాడికి... జలుబు చేసింది."

"పాపం! నా కొడుకులిద్దరూ మంచు కిందే పడుకున్నారు. వాళ్లకు జలుబు కూడా చేయదు!"

ఆమె ఇల్దార్ వైపు తిరిగి చెంబు చేతికిచ్చింది. "తాగరా!"

వాడు గటగటా తాగేశాడు. అది చూసి పక్కనున్న తల్లి తన కొడుకును పిలిచింది. ఆ పక్కనున్న తల్లీ పిలిచింది. చెంబులన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్క గుర్రమూ కదల్లేదు. ఖాను అరిచాడు, బెదిరించాడు, చివరికి తలొంచుకుని కోటకు పోయాడు.

అవతలి గట్టున రష్యా రాజు సైన్యంతో చాలాసేపు ఎదురుచూశాడు. కొట్లాడటానికి ఎవరూ రాకపోయేసరికి, చలికి దగ్గుకుంటూ ఇంటిదారి పట్టాడు.

తన బిడ్డను ఇంట్లో దాచుకుని ఊరివాళ్ల బిడ్డల్ని పోరుకు పంపేవాడి మాట, వాడు రాజైనా సరే, వినకూడదు.