గోరింట తొడ మీద గీత

ఓబులేసుకు గుర్రం మీద కోపం వచ్చింది. దారిన పోయే గుర్రం మీద వచ్చి ఉంటే ఎవరికీ బాధ లేదు. తానే మెచ్చి, తానే కొలిచి, నలుగురిలో పొగిడి లాయంలో కట్టించిన గుర్రం మీద వచ్చింది.

దాని పేరు గోరింట. బాగా పండిన గోరింటాకు రంగులో ఉండే ఆడగుర్రం. రెండేళ్ల కిందట అది రాగులకొండ సంస్థానానికి వచ్చినప్పుడు ఓబులేసు దాన్ని ముడుల తాడుతో కొలిచాడు. బెత్తెడుకొక ముడి వేసిన నూలు తాడు అది. వీపు పొడవు, ఛాతీ లోతు, మోకాలి కింద ఎముక లావు, అన్నీ దానితోనే లెక్క. కొలవడం అయ్యాక తాడు చుట్టి భుజాన వేసుకుని, "ఇది నేజాకే పుట్టిన గుర్రం" అన్నాడు.

నేజా అంటే ఆషామాషీ ఆట కాదు. నేలలో ఒక చెక్కమేకు దిగ్గొడతారు. రౌతు బల్లెం పట్టుకుని దౌడు మీద వచ్చి, పక్కకు వంగి, ఆ మేకును పొడిచి పైకి లేపుకుపోవాలి. పరుగు పందెం గుర్రానికి పొడుగు కాళ్లు, లోతైన ఛాతీ ఉంటే సగం పని అయినట్టే. పోలో గుర్రానికి పొట్టి వీపు, చటుక్కున మళ్లే నడుము కావాలి. నేజా గుర్రం మాత్రం గీసిన గీత మీద పోయినట్టు పోవాలి. మీదున్నవాడు వంగినా, ఊగినా, కేక వేసినా తొణకకూడదు.

గోరింట అట్లాగే పోయేది. దాని కాళ్లు తిన్నగా పడేవి. మెడ దిగి వీపు మొదలయ్యే చోట ఎముక ఎత్తుగా నిలిచి ఉండేది కాబట్టి జీను అటూ ఇటూ జారేది కాదు. ఏడాదిన్నర పాటు ఓబులేసు మాట అక్షరాలా నిజమైంది.

తర్వాత అబద్ధమైంది. ఆరు నెలల కిందట చిన్నదొర నరసింగరాయలు గోరింటను తన సొంత గుర్రంగా పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అది మేకు దాకా బాగానే వస్తుంది, రౌతు వంగగానే వీపు ఎగరేస్తుంది. మొన్న పొరుగు సంస్థానం వాళ్లు చూస్తుండగా చిన్నదొర మట్టి కరిచాడు. లేచి నోట్లో మన్ను ఉమ్మకుండానే, "దీన్ని ఏరింది ఎవడ్రా?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి ఓబులేసుకు ముద్ద దిగడం లేదు.

ఏటేటా దసరాకు ముందు లాయంలో గుర్రాల తనిఖీ జరుగుతుంది. ఉంచుకోదగ్గ గుర్రానికి నుదుట సున్నపు బొట్టు పెడతారు. పనికిరానిదానికి తొడ మీద ఎర్రమట్టి గీత గీస్తారు. గీత పడ్డ గుర్రాన్ని ఆ సాయంత్రమే సున్నపు బట్టీ వాళ్లు తోలుకుపోతారు. బట్టీ బండి లాగిన గుర్రం రెండో వానాకాలం చూసిందని ఆ చుట్టుపక్కల ఎవరూ చెప్పగా వినలేదు. ఆ గీతను రాజావారు కూడా చెరపరు. గీసినవాడే చెరపాలి. చెరిపితే నలుగురి ముందు తన చూపు తప్పిందని ఒప్పుకున్నట్టే. అందుకే ఆ లాయంలో ఇంతవరకు ఒక్క గీత కూడా చెరిగిపోలేదు.

ముప్పై ఏళ్లుగా ఆ పని ఉస్తాద్ దస్తగిరి సాహెబుది. కీళ్ల నొప్పులతో ఆయన ఆరు నెలలు మంచం దిగలేదు. తనిఖీ రోజు మాత్రం కర్ర ఊతంతో వచ్చాడు. ఎర్రమట్టి కలిపిన మూకుడు తన శిష్యుడు ఓబులేసు చేతికిచ్చాడు.

"ఏడేండ్లు నా ఎనకాల తిరిగినావు. ఈ ఏడు నువ్వే గియ్యి నాయనా" అని, వెళ్లి నీటి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు.

ఓబులేసు పదకొండు గుర్రాలు చూశాడు. బాగానే చూశాడు. వెనక కాళ్ల కీళ్లు లోపలికి తిరిగిన నల్లగుర్రాన్ని పోలోకు వద్దన్నాడు, దూరప్రయాణాలకు ఉంచమన్నాడు. పందేనికి తెచ్చిన తెల్లగుర్రం కొవ్వు పట్టి నిగనిగలాడుతుంటే, కొవ్వు కింద ఛాతీ ఇరుకని వేళ్లతో తడిమి పట్టేశాడు. గట్టు మీద ముసలాయన తల ఆడించాడు.

పన్నెండోది గోరింట.

ఓబులేసు తాడు తీసి కొలిచాడు. రెండేళ్ల కిందట ఏ ముడి దగ్గర ఆగిందో ఆ ముడి దగ్గరే ఆగింది. కాళ్లు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు, నోరు తెరిచి చూశాడు. వేలు పెట్టి చూపించడానికి ఒక్క వంక దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండింది.

వీపు మీది మఖమలు గుడ్డ తొలగించాడు. ఎత్తు ఎముకకు రెండు వైపులా అరచేయంత మేర వెంట్రుకలు తెల్లబడి ఉన్నాయి. నడుమ పచ్చిగా, పసుపు పూసి ఉంది. చెయ్యి వేయబోయాడు. గోరింట చెవులు వెనక్కి వాల్చి భుజంతో అతన్ని ఒక్క తోపు తోసింది.

గోరింటను సాకే సాయీసు మాదన్న నేల చూపులు చూశాడు. ఆ పసుపు పూసింది అతనే. ఆరు నెలలుగా పూస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు. పెళ్లాం బిడ్డలున్నవాడు, ఏమని చెబుతాడు?

ఓబులేసు గుడ్డ కప్పేశాడు. చిన్నదొర వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"గోరింట నేజాకు పనికిరాదు. నడుములో బలం లేదు. గుణం మంచిది కాదు. మింద చెయ్యేస్తే తోస్తాది."

మూకుడులో వేలు ముంచి తొడ మీద ఒక్క గీత గీశాడు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని, ఇన్నాళ్లూ దీన్ని ఉత్తపున్నేనికి మేపినాం" అని చిన్నదొర నవ్వాడు. పక్కనున్నవాళ్లు ఆయన కంటే గట్టిగా నవ్వారు.

ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికొకామె. ఆమె నయం. మద్దెలను సున్నపు బట్టీకి పంపలేదు. ఇక్కడ పడ్డవాడికి సిగ్గేసింది, ఏరినవాడికి భయమేసింది, రెండూ కలిసి ఒక నోరులేని దాని తొడ మీద గీతయ్యాయి. దాని తరఫున వకాల్తా పట్టేవాడు ఆ పెద్ద లాయంలో ఒక్కడు లేడు.

"ఓబులేసూ" అని పిలిచాడు ఉస్తాద్, గట్టు మీద నుంచే. "రెండేండ్ల కింద తాడు ఏం చెప్పింది?"

"ఇదే చెప్పింది."

"ఈ పొద్దు?"

"ఇదే చెప్పింది."

"మరి మారింది ఏంది?"

ఆ మాటతో ఓబులేసుకు తల తిరిగినంత కోపం వచ్చింది. ఏడేళ్లలో గురువు ముందు ఎన్నడూ గొంతు ఎత్తనివాడు ఎత్తాడు.

"మీరు గీసినప్పుడు ఎవురన్నా అడిగినారా ఉస్తాద్? నేను గీస్తేనే అడగాల్నా? ఇన్ని గుర్రాలు చూసినా, ఒక్కదాంట్లో తప్పు పట్టినారా? ఇది నా పరువు తీసింది. పొరుగూరోళ్ల ముందర నా మాట మన్ను చేసింది. నడుము లేనిది, గుణం లేనిది. గీసినా. గీసింది గీసినట్టే ఉంటాది!"

ఉస్తాద్ కర్ర పక్కన పెట్టి మెల్లగా లేచాడు.

"అంగీ తియ్యి" అన్నాడు.

"ఏంది?"

"అంగీ తీసి వంగు."

కొడతాడనుకున్నాడు ఓబులేసు. ఉస్తాద్ ఎవరినీ కొట్టగా చూడలేదు, అయినా అట్లాగే అనుకున్నాడు. కొడితే కొట్టనీ, న్యాయం నా వైపే ఉందని పళ్లు కొరుక్కుంటూ అంగీ విప్పి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగాడు. బక్క మనిషి. వీపు మీద వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.

గోరింట ఎదుట గుంజ మీద చిన్నదొర జీను ఉంది. ఆరు నెలల కిందట పట్నంలో ప్రత్యేకంగా చేయించి తెప్పించిన జీను. చుట్టూ వెండి పూలు. చూడడానికి నాజూగ్గా ఉండాలని లోపల దూది పలచగా కూరారు, వెన్నెముకకు తగలకుండా వంపుగా లేచి ఉండాల్సిన ముందు కమానును వెడల్పుగా చదును చేశారు. అది తెచ్చిన రోజు లాయమంతా చుట్టూ చేరి ఆహా ఓహో అంది. అందులో ఓబులేసు కూడా ఉన్నాడు.

ఉస్తాద్ ఆ జీను తెచ్చి శిష్యుడి వీపు మీద పెట్టాడు.

"సాయబూ, అది నా జీను" అన్నాడు చిన్నదొర.

"ఎత్తుకుపోనులే దొరా."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఉస్తాద్ జీను మీద రెండు అరచేతులు ఆనించాడు. ఏమీ కాలేదు. తర్వాత, మేకు దగ్గర రౌతు వంగినట్టు ముందుకు వంగి, తన బరువంతా ఒక్కసారి దాని మీద వాల్చాడు.

ముందు కమాను నేరుగా వెన్నెముక మీద దిగింది. నడుమ దూది ఉందో లేదో కూడా తెలియలేదు. ఓబులేసు "అమ్మా" అని అరిచి, ఏం చేస్తున్నాడో తెలియకుండానే వీపు విదిలించి, మోచేత్తో వెనక్కి ఒక్క తోపు తోశాడు. జీను ఒక పక్క, ముసలాయన ఒక పక్క పడ్డారు. ఆయన తలపాగా దొర్లుకుంటూ పోయి గోరింట కాళ్ల దగ్గర ఆగింది.

జనం గొల్లుమన్నారు. చిన్నదొర కడుపు పట్టుకుని నవ్వాడు.

ఓబులేసు ఒక్క దూకులో వెళ్లి గురువును లేవదీయబోయాడు. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. పడ్డ చోటే కూర్చుని, మూకుడు దగ్గరికి లాక్కుని, వేలు ముంచి, ముందుకు వంగి ఉన్న శిష్యుడి వీపు మీద ఒక గీత గీశాడు. చిన్నదొర వైపు తిరిగి, ఓబులేసు ఎట్లా చెప్పాడో అట్లాగే గట్టిగా చెప్పాడు.

"ఓబులేసు నేజాకు పనికిరాడు. నడుములో బలం లేదు. గుణం మంచిది కాదు. మింద చెయ్యేస్తే తోస్తాడు."

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఓబులేసు ముఖం కందిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్యాయం ఉస్తాద్! నొప్పి పుట్టింది. అందుకే తోసినా!"

"ఆ మాట చెప్పుకోను నీకు నోరుండాది" అన్నాడు దస్తగిరి సాహెబు.

ఓబులేసు గోరింట వైపు చూశాడు.

అది తలపాగాను వాసన చూస్తోంది. దగ్గరికి వెళ్లి మఖమలు గుడ్డ మళ్లీ తొలగించాడు. ఈసారి చెయ్యి వేయలేదు. రాపిడికి చర్మం చచ్చిన చోట వెంట్రుక తెల్లగా మొలుస్తుందని ఉస్తాద్ అతనికి మొదటి ఏడే చెప్పాడు. మరిచిపోలేదు. ఇందాక చూసినప్పుడు కూడా గుర్తుంది.

విప్పిన అంగీ తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లాడు. నీళ్లలో ముంచి పిండాడు. తిరిగి వచ్చి గోరింట తొడ మీద గీతను తుడవడం మొదలుపెట్టాడు. ఎర్రమట్టి ఒకంతట పోలేదు. మళ్లీ ముంచి తెచ్చి మళ్లీ తుడిచాడు. నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

చిన్నదొర ముందుకు వచ్చాడు. ఆయన ముఖంలో ఇందాకటి నవ్వు మచ్చుకైనా లేదు.

"గీత చెరుపుతాండావు. అంటే గుర్రంలో తప్పు లేదనేగా? మరి ఆ పొద్దు నేను కింద పడింది ఎవురి తప్పురా?"

దొరల ఇంటి వాళ్ల ముందు అట్లాంటి ప్రశ్నకు ఎవరూ ఎన్నడూ జవాబు చెప్పి ఎరగరు. మాదన్న గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఓబులేసు గురువు వైపు చూశాడు. ఆయన తలపాగా మీది దుమ్ము దులుపుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

ఓబులేసు చిన్నదొర వైపు తిరిగాడు. తడి అంగీని గట్టిగా పట్టుకున్నాడు.

"గోరింటది కాదు దొరా. జీను మీది. దాని కింద పుండు చూసి గూడా గీత గీసిన చెయ్యి నాది."