రొమ్ము విరవనన్న చుక్క

అనగనగా ఒక ఊళ్ళో ఒక డాబా, డాబా మీద చెక్క గూళ్ళు, గూళ్ళ నిండా పావురాలు. వాటిని పెంచేవాడు దస్తగిరి. పొద్దున్నే జొన్నలు చల్లి, పెద్ద మట్టితొట్టిలో నీళ్ళు పోసి, ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పలకరించేవాడు.

గుంపుకు పెద్ద తురాయి తాత. తలమీద కుచ్చు ఉండేది, అందుకని ఆ పేరు. తొట్టిలో మొదటి గుక్క ఆయనదే. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. దస్తగిరి వచ్చే వేళకు, జబ్బు చేసినవాళ్ళైనా సరే, రొమ్ము విరుచుకుని నిలబడాలి. మింగలేకపోతే గింజను ముక్కుతో పట్టి, మెల్లగా వదిలేసి, తిన్నట్టు నటించాలి.

"ఎందుకు తాతా?" అని అడిగేవి పిల్లలు.

"నీరసంగా కనబడితే బుట్టలో పెట్టి తీసుకుపోతాడర్రా. మన నీలం మామ బుట్టెక్కాడు. తిరిగొచ్చాడా?"

రాలేదు మరి. అందుకని అందరూ నటించేవాళ్ళు.

ఆ వానాకాలం బూడిదరంగు గౌరి గింజలు వదిలేయసాగింది. "దిష్టి తగిలింది" అన్నాడు తాత. గౌరి చచ్చిపోయింది. తరవాత జాజులు మెడ చాచి గురగురలాడాడు. "వానగాలి, ఏం కాదు" అన్నాడు తాత. జాజులూ పోయాడు. మూడోసారి చుక్క అనే తల్లి పావురం కూతురు మల్లికి వచ్చింది ఆ జబ్బు. రెక్కలు ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్న పిల్ల అది.

"అమ్మా, గొంతులో ముల్లున్నట్టుంది" అంది మల్లి.

చుక్క లోపలికి చూసింది. నాలుక వెనక పచ్చగా, జున్నుముక్క అతికించినట్టు ఏదో ఉంది. ఊపిరి కూడా దుర్వాసన కొడుతోంది.

"రేపు దస్తగిరికి చూపిస్తాను" అంది చుక్క.

గుంపంతా గొల్లున నవ్వింది. "ఓహో, చుక్కమ్మ వైద్యురాలయిందర్రా!" అని ఎగతాళి చేసింది పక్క గూటి పావురం.

తాత కళ్ళెర్రజేశాడు. "గుంపు మాట కాదంటావా?"

"అంటాను. నీలం మామ బుట్టెక్కేనాటికి రెక్క కూడా ఎత్తలేకపోయాడు తాతా. నేను చూశాను. అన్నాళ్ళూ దాచి, చివర్లో చేతికిస్తే బుట్ట ఏం చేస్తుంది? నేను నటించను. నా బిడ్డనూ నటించనివ్వను."

తెల్లవారింది. దస్తగిరి జొన్నలు చల్లాడు. అందరూ రొమ్ములు విరిచారు. చుక్క మాత్రం మల్లిని ముందుకు నెట్టింది. తాత రెక్కతో ఫట్‌మని కొట్టాడు. చుక్క కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఈక ఒకటి ఊడిపడింది. అయినా చుక్క ఎగిరి దస్తగిరి చేతిమీద వాలి, వేలు పొడిచి, మళ్ళీ బిడ్డ దగ్గరికే వెళ్ళి నిలబడింది.

"ఏంటే చుక్కా, ఇవాళ ఈ పొగరు?" అంటూ దస్తగిరి వంగాడు. మల్లిని చేతిలోకి తీసుకుని ముక్కు తెరిచాడు. అతని ముఖం పాలిపోయింది. పరుగున బుట్ట తెచ్చాడు.

బుట్ట మెట్లు దిగిపోయింది.

"చూశావా? నీ చేతులారా పంపేశావు" అన్నాడు తాత.

"పంపాను. ఇంట్లో చచ్చిపోతుంటే చూడలేక పంపాను" అంది చుక్క. తల మాత్రం దించలేదు. ఆ రోజంతా పిట్టగోడ మీదే కూర్చుని మెట్లకేసి చూసింది.

పొద్దువాలే వేళకు బుట్ట వచ్చింది. అందులో మల్లి ఉంది!

"పశువుల డాక్టరు మందిచ్చాడర్రా" అన్నాడు దస్తగిరి పావురాలతో. "ఈ జబ్బు తొట్టి నీళ్ళలోంచే మీకందరికీ అంటుతోందట."

పావురం నీళ్ళు తాగడం చూశారా పిల్లలూ? కోడిలా తల ఎత్తి మింగదు. ముక్కు ముంచి గటగటా పీల్చేస్తుంది. ఎంత వింతో! ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లోకి చేరడానికి ఇక ఎంతసేపు?

దస్తగిరి తొట్టి తోమి ఎండకు పెట్టాడు. ప్రతి పావురం నోరూ తెరిచి చూశాడు. అందరి గొంతుల్లోకీ ఎక్కువ పచ్చగా ఉన్న గొంతు ఎవరిదనుకున్నారు?

తురాయి తాతది.

ఆయన్నీ మల్లినీ మిగతావాళ్ళకు దూరంగా ఒకే బోనులో ఉంచాడు దస్తగిరి. మల్లి దగ్గరగా జరిగింది.

"తాతా, నీకూ నొప్పిగా ఉందా?"

తాత అలవాటుగా రొమ్ము విరవబోయాడు. జాలీ అవతల చుక్క నిలబడి చూస్తోంది. ఆయన రొమ్ము మెల్లగా దిగిపోయింది.

"ఉందమ్మా. గౌరి కంటే ముందునించీ ఉంది."

చుక్క ఏమీ తిట్టలేదు. "రేపు నోరు తెరిచి మందు మింగు తాతా" అంది అంతే.

మింగాడు. ఇద్దరికీ నయమైంది. ఇప్పుడు ఆ డాబా మీద దస్తగిరి వస్తే, నొప్పి ఉన్నవాళ్ళే ముందు వరసలో నిలబడతారు. వాళ్ళని ముందుకు నెట్టేది తురాయి తాతే.

నీతి: దాచుకున్న జబ్బు మనల్నే కాదు, పక్కవాళ్ళనీ చంపుతుంది. దాచమన్నది ఎంత పెద్దవాళ్ళైనా సరే, "దాచను" అనండి.