వట్టికుండ గౌరి వ్రత కథ

అక్షతలు గుప్పిట పట్టుకొని, మాటలు కట్టిపెట్టి, వీథివాకిలి బార్లా తెరిచి ఈ కథ వినవలెను. తలుపు మూసికొని విన్నవారికి ఫలము లేదు.

ఒకప్పుడు శాకల్యుడను ముని దేవలమహర్షి ఆశ్రమమునకు వచ్చి, కాళ్లు కడుగుకొని, కుశలమడిగి యిట్లు ప్రశ్నించెను. "మహాత్మా! తాతముత్తాతలనాటినుండి అంగడి నడుపువారికి దిగులు లేదు. ఇంటావంటా వ్యాపారమెరుగక తొలిసారి సరుకు ముందుపెట్టుకొని కూర్చుండువారికి మాత్రము గుండె దడదడలాడుచుండును. ఎదుటివారు నవ్వినను అనుమానమే, నవ్వకున్నను అనుమానమే. ఒక్క దెబ్బ తగిలినచో మరల లేవరు. అట్టివారికి ధైర్యమిచ్చు వ్రతమేదైన కలదా? కలదేని, అది వర్తకులు తమ సరుకు చెల్లుటకు కల్పించుకొన్నది కాదుగదా?"

ఆ కడపటి మాటకు దేవలుడు కనుబొమలు ముడిచెను. "నాయనా, అడుగునప్పుడే అనుమానమా! సరే, నీవంటివారికొరకే పార్వతీదేవి యొక వ్రతమును కల్పించినది. దానికి వట్టికుండ గౌరి వ్రతమని పేరు. దానిని సగము చేసి చెడి, పిమ్మట పూర్తిగా చేసి బాగుపడిన యొక యిల్లాలి కథ చెప్పెదను. నడుమ అడ్డుతగలకుము" అని చెప్పసాగెను.

పూర్వము మణిమంతమను పట్టణమున, పడవల రేవునకు పోవు వీథిలో హేమాంబ యను యిల్లాలు కలదు. ఆమె పెద్ద సంసారమునకు చిన్నకోడలు. ఆమె చేసిన మినప అప్పడము నూనెలో వేయగనే పొంగునని, నోట వేయగనే కరగునని చుట్టములందరు లొట్టలు వేయుచుండిరి. అది విని విని ఆమెకు అప్పడముల అంగడి పెట్టవలెనని కోరిక పుట్టెను. ఆ యింట ఎవరును తక్కెడ పట్టి యెరుగరు. మగడు గంగాధరుడు నీ యిష్టమనెను. అతడు దేనికైనను నీ యిష్టమనువాడే. అత్తగారు వేంకమాంబ మాత్రము చాలసేపు ఆలోచించి, వీథిగదిని కోడలికిచ్చుచు ఖండితముగా చెప్పెను. దీపావళివరకు ఆ గది హేమాంబదట. ఆనాటికి అంగడి నిలిచినచో ఎల్లకాలము ఆమెదేనట. నిలువనిచో మరల వంటింటికి రావలెనట, అంగడి యను మాట ఆ యింట మరల వినబడరాదట. హేమాంబ సరేయనెను. బుద్ధెరిగిన తరువాత ఆమె నాది అని చెప్పుకొన్న చోటు ఆ గది యొక్కటే.

ఆ సంగతి విని పుట్టింటినుండి మేనత్త వచ్చి వ్రతవిధానమును చెప్పెను. శుక్రవారమునాడు వీథితలుపులు రెండు రెక్కలును తెరువవలెను. గడపమీద వట్టికుండను పెట్టి, పసుపు పూసి, అందు గౌరిని ఆవాహనము చేయవలెను. సరుకును నలుగురి కంటబడునట్లు చేయవలెను. వట్టి పాత్రతో తొలుత వచ్చినవారెవరైనను వారికే బోణీ చేయవలెను. సరుకులో లోపమేమని వారినే అడిగి, చెప్పునంతవరకు ఎదురాడక వినవలెను. సరుకు పాడైనచో ఎవరివలన పాడైనదని వెదకక, మరల చేయవలెను.

హేమాంబ తలయూపెను గాని, మనసున నమ్మలేదు. తలుపులు తెరిచినచో దిష్టి తగలదా? వట్టికుండ ఎదురైనచో ప్రయాణమునకు బయలుదేరినవారే యింటికి వచ్చి, కాళ్లు కడుగుకొని కూర్చుందురే, దానిని తెచ్చి గడపమీద పెట్టుటయా? ఊరివారిని పిలిచి నా సరుకును తిట్టుడని అడుగుటయా? మేనత్తకు తన మేలు గిట్టదేమోనని కూడ ఆమెకు తోచెను. కావున తలుపు గడియ వేసికొని, కుండకు మారుగా నిండుబిందె పెట్టి, పూజ అయిందనిపించెను.

పిండి దంచునప్పుడు తాను వేయు ఇంగువ కొలత ఎవరైన కనిపెట్టుదురని కిటికీకి దుప్పటి కట్టెను. ఒత్తిన అప్పడములను గాలి తగులు వసారాలో ఆరబెట్టక, మూసిన గదిలోనే చాపలమీద పరచెను. పెద్దకోడలు విజయాంబ అటు వచ్చి తలుపు సందులోనుండి చూచెను.

"తొంగి చూస్తున్నావేంటక్కా?" అని హేమాంబ గద్దించెను.

"ఏం లేదే. ఎలా వస్తున్నాయో చూద్దామని."

"ఎలా వస్తే నీకెందుకు?"

విజయాంబ చిన్నబుచ్చుకొని వెడలిపోయెను. తరువాత గది తెరిచి చూడగా అప్పడములన్నియు బూజు పట్టియుండెను. అయ్యో శాకల్యా, గాలి చొరని గదిలో తడిపిండి బూజు పట్టక పూలు పూయునా! హేమాంబకు అది తోచలేదు. విజయాంబయే నీళ్లు చల్లినదని నిశ్చయించుకొని, తలుపునకు ఇంకొక తాళము తగిలించెను.

మరల పిండి కలిపి, ఈసారి గదిలోనే కూర్చుండి చేతులు పడిపోవునంతగా విసనకఱ్ఱతో విసరి, ఎట్లో ఆరబెట్టెను. అంగడి తెరిచెను. తెరిచెనన్నది మాటకే, ఒక రెక్క మాత్రము ఓరగా తీసెను. అప్పుడు ఒక ముసలమ్మ చంకలో వట్టికుండ పెట్టుకొని గడపముందు నిలిచెను.  తొలి బోణీవేళ వట్టికుండయా యని హేమాంబ మండిపడెను.

"ఎవరు పంపారు నిన్ను?" అని అరచి, ముసలమ్మ నోరు తెరువకమునుపే తలుపు ధడాలున మూసెను. వాకిట పసుపునీళ్లు చల్లి, గుమ్మమునకు నిమ్మకాయలును మిరపకాయలును కట్టెను. పిదప పడవవాని భార్య వట్టిబుట్టతో వచ్చెను. ఆమెనును అట్లే అడిగెను. కుమ్మరి వట్టిదుత్తతో వచ్చెను. వానిని కూడ అట్లే అడిగి తరిమెను. పెండ్లివారింటినుండి ఒక పెద్దమనిషి పెద్దగంప మోయించుకొని రాగా, అంత పెద్ద గంప వట్టిగా వచ్చుట చూచి ఆమె లోపలికి పోయి దాగుకొనెను. ఊరివారు ముక్కున వేలు వేసికొనిరి. ఆ అంగడిలో అప్పడము కొనుటకు సాక్ష్యము చెప్పవలెనని నవ్వుకొనిరి. ఎవరును ఆ వైపు రామానిరి.

అంతట హేమాంబ తనపై ఎవరో ప్రయోగము చేయించిరని తలచెను. సోదె చెప్పించుకొందమని యొకతెను పిలిచి, ఆమె సోదె మొదలుపెట్టగనే ఈమెను సైతము పగవారే పంపియుందురని వెళ్లగొట్టెను. మగడు ఓదార్పుగా నవ్వగా, ఎందుకు నవ్వుచున్నావని మూడుపూటలు మాటలాడలేదు. పాపము, ఆ గంగాధరునకు నవ్వుటయు మానుటయు రెండును తప్పే అయ్యెను. దీపావళి దగ్గరపడెను. అమ్ముడుపోని అప్పడములు చాలవరకు మెత్తబడి పనికిరాక పోయెను. హేమాంబ ఆ గది నడుమ కూలబడి, తనకిది చేతకాదని, వంటింటికి పోయి ఇక నోరెత్తనని వెక్కి వెక్కి ఏడ్చెను.

అప్పుడు ఆ ముసలమ్మయే మరల వచ్చి గడపమీద వట్టికుండ దించెను. లేచి తలుపు మూయుటకైన హేమాంబకు ఓపిక లేకపోయెను.

"ఎవరు పంపారు నిన్ను?" అని నీరసముగా అడిగెను.

"ఎవరు పంపుతారమ్మా! ఇంటికి చుట్టాలొచ్చారు, ఇంట్లో కూర లేదు. అప్పడాలు కొందామని వస్తే కేకలేస్తావు."

"వట్టికుండతో వస్తారా ఎవరైనా?"

"బావుందమ్మా వరస! నిండుకుండతో వస్తే అప్పడాలెక్కడ వేసుకోను, నీ నెత్తిన వేసుకోనా?"

హేమాంబకు అప్పుడు తట్టెను. కొనవచ్చువారు వట్టిపాత్ర గాక వేరొకటి తెత్తురా? బుట్ట తెచ్చిన పడవవాని భార్యయు, దుత్త తెచ్చిన కుమ్మరియు, గంప తెచ్చిన పెండ్లివారును కొనుటకే వచ్చిరిగదా! అపశకునములని తాను తరిమినవారందరును తనకు రావలసిన బేరములే. ఇన్నాళ్లు తన అంగడిని తానే మూసికొనుచు, మూసినదెవరాయని వీథివీథిని వెదకితినేయని తల బాదుకొనెను.

వ్రతము మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చి, మిగిలిన అప్పడములలో ఒకటి ఏరి, వేయించి ఆ ముసలమ్మ చేతిలో పెట్టి, లోపమేమని అడిగెను. ముసలమ్మ కొరికి, మొగము చిట్లించి, మొహమాటము లేకుండ చెప్పెను. "ఉప్పెక్కువైందమ్మా. అంచు మందంగా ఉంది. మధ్య మాడిపోతోంది, అంచు పచ్చిగానే ఉంటోంది. చుట్టాలు పొగిడారని కొట్టు పెట్టావు కాబోలు, చుట్టాలు ఊరికే తిన్నవాళ్లమ్మా." హేమాంబకు ఒళ్లు మండెను. దీని నోట ఈ మాట పలికించినదెవరని నాలుక చివరిదాక వచ్చెను. ఎట్లో మ్రింగుకొని, తానును ఒక ముక్క కొరికి చూచెను. ఆ ముసలమ్మ చెప్పినది అక్షరాల నిజము. నిజమగుటచేత కోపము మరింత హెచ్చెను గాని, కుండనిండ అప్పడములు పోసి పంపెను. అదియే తొలి బోణీ.

వచ్చిన శుక్రవారము రెండు రెక్కలును తెరిచి, గడపమీద వట్టికుండ పెట్టి, గౌరిని విధిగా పూజించెను. నమ్మి చేసెననుకొనకుము. వేరు దారి లేక చేసెను. గౌరీదేవికి అంత పట్టింపు లేదు. పిండిరోలు వసారాలోనికి తెచ్చి అందరి యెదుట దంచెను. అప్పడముల అంచులు మాత్రము ఎంత ఒత్తినను పలుచన కాకుండెను. అప్పుడు విజయాంబ వచ్చి, అడుగకయే ప్రక్కన కూర్చుండి, అప్పడాలకఱ్ఱ తీసికొని అంచునుండి లోనికి ఒత్తి చూపెను. అప్పడము తమలపాకువలె వచ్చెను.

"ఇది తెలిసీ ఇన్నాళ్లూ చెప్పలేదేంటక్కా?" అని హేమాంబ అనుమానముగానే అడిగెను.

"చెబుదామనేగా తొంగి చూసింది! నువ్వు తాళం మీద తాళం వేశావు."

హేమాంబ సిగ్గుతో తల వంచుకొని ఆమె చేయి పట్టుకొనెను. నాటినుండి పడవవారును, కుమ్మరులును, పెండ్లివారును మరల రాసాగిరి. లోపము చెప్పినవారిని ఆమె కూర్చుండబెట్టి వినెను. కొందరు లేనిపోని వంకలును పెట్టిరి. వాటిని కూడ విని, అవసరమైనవి పుచ్చుకొని, తక్కినవి వదలివేసెను.

దీపావళి ముందునాడు పండుగ బేరమునకని గదినిండ అప్పడములు చేసి వసారా పొడుగున ఆరబెట్టిరి. మబ్బు లేని ఆకాశమున ఎక్కడినుండి వచ్చెనో, జడివాన యొకటి ఏటవాలుగా కొట్టి సర్వము ముద్దచేసి పోయెను. హేమాంబ వాకిట నిలిచి అందరి మొగములును చూచెను. విజయాంబను చూచెను, మగని చూచెను, ద్వారబంధమును పట్టుకొని నిలిచిన అత్తగారిని చూచెను. ఎవరి కన్ను పడినదో యను మాట పెదవివరకు వచ్చి ఆగెను. కొంగున కన్నులు తుడుచుకొని, చాప దులిపి, మినపపిండి ఇంకను మిగిలియున్నదా యని విజయాంబ నడిగెను. ఉన్నదనగా, ఇరువురును అప్పుడే రోకళ్లు పట్టిరి.

తెల్లవారి పండుగనాడు కొనవచ్చినవారు వాకిట నిలిచియుండగా వేంకమాంబ వచ్చెను. అంగడిలో ఒక్క అప్పడమైనను లేదు. తలుపులు మాత్రము బార్లా తెరిచియుండెను.

"సరుకేదే?" అని అత్తగారు అడిగెను.

 హేమాంబ అందరికిని వినబడునట్లే చెప్పెను. "లేదత్తయ్యా. నిన్న వానకి పోయింది. ఎల్లుండికి ఉంటాయి."

"ఎవరి దిష్టి తగిలిందంటావు?"

"ఎవరిదీ కాదత్తయ్యా. వానాకాలం పోయిందని నమ్మి బయట పెట్టాను. ఇకమీదట వసారాకి తడిక కట్టిస్తాను."

 "సరుకున్న రోజున ఎవరైనా తలుపు తీస్తారు. లేని రోజున తీసి, వచ్చినవాళ్లకి మొహం చూపించి సమాధానం చెప్పావు. నీ గది నీదేనే. ఎల్లుండి బోణీ నాది. అత్తననీ ఊరికే ఇచ్చావో, ఊరుకోను" అని వేంకమాంబ అనెను. హేమాంబ ఆమె కాళ్లమీద పడి, ఆనందము పట్టలేక పసిపిల్లవలె ఏడ్చెను. వాకిట నిలిచినవారు ఎల్లుండి వత్తుమని చెప్పి పోయిరి. చెప్పినట్లే వచ్చిరి.

కావున శాకల్యా, తొలిసారి అంగడి తెరుచువారును, మగ్గము వేయువారును, బండి కట్టువారును, తమ చేతిపనిని నలుగురి యెదుట పెట్టువారెల్లరును ఈ వ్రతమును చేయవలెను. చేసినవారికి లోపము విన్నను మనసు క్రుంగదు, సరుకు పోయినను చేయి ఆగదు, గల్లా నిండును, తోడివారు తోడగుదురు. సగము చేసినవారికి బూజు పట్టును. ఇది గౌరి ఆన.

అంతయు విని శాకల్యుడు, స్వామీ, ఆ ముసలమ్మ సాక్షాత్తు గౌరీదేవియేనా, లేక ఎవరైన పంపగా వచ్చినదా యని అడిగెను. దేవలుడు నుదురు కొట్టుకొని, "ఇంతసేపు చెప్పినది గోడకా నాయనా! ఆమె కూర కొరకు వచ్చినది. అక్షతలు వేసి, ప్రసాదము తినుము" అనెను.