వనజ పెన్‌డ్రైవ్

సూరత్‌లో మన తెలుగు మగ్గాలవాళ్లుండే వాడలో, సంఘం హాల్లో ఆదివారాలు కంప్యూటర్ నేర్పే రాజలింగం సారుకు ఒక అలవాటుంది. ఎవరేమి అడిగినా ముందు, “ఏది, తెరిచి చూపెట్టుండ్రి” అంటాడు.

ఆ వేళ వనజ అడిగింది. “సారూ, పాస్‌వర్డ్ ఎంత పొడుగుంటే ఎవ్వరు తెరువలేరు?”

ఆమె తన పిల్లలిద్దరూ పసితనంలో పలికిన తెలుగు మాటలను రికార్డు చేసి పెట్టుకుంది. బడికి పోయాక వాళ్ల నోట గుజరాతీయే వస్తోంది. ఆ పలుకులు ఇక వినాలంటే ఆ రికార్డుల్లోనే. అందుకే వాటిని ఇంట్లోని పాత కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, కొంగున ముడేసుకుని తిరుగుతోంది.

“ఏది, తెరిచి చూపెట్టుండ్రి” అన్నాడు సారు.

వనజ చెయ్యి కొంగు మీదికి పోయింది. ఈయనకెందుకింత ఆరాటం? అందరూ వెళ్లాక ఈ కంప్యూటర్ల దగ్గర ఒక్కడే ఏం చేస్తుంటాడు?

పక్క బల్ల దగ్గర నేర్చుకుంటున్న నర్సింగం నవ్వాడు. “మేమంత అటు తిరుగుతం గని అక్కా, గోడ మీది బల్లి ఇటే చూస్తున్నది. దానికి గూడ జర చెప్పు.”

సారు నవ్వలేదు. నర్సింగాన్నీ మిగతావాళ్లనూ వెంటబెట్టుకుని వరండాలోకి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

వనజ తలుపు వైపు చూసి, మళ్లీ చూసి, పెన్‌డ్రైవ్ పెట్టి పాస్‌వర్డ్ కొట్టింది. రికార్డుల పేర్లన్నీ వరసగా కనిపించాయి. మొదటిదాన్ని నొక్కితే ఫైలు దొరకలేదని తెర చెప్పింది. ఏది నొక్కినా అదే మాట.

“సారూ, ఎవరో తీసేసిండ్రు.” ఆ ఎవరో సారేనేమో అన్న అనుమానం ఆమె గొంతులో దాగలేదు.

ఆయన వచ్చి వంగి చూశాడు. ప్రతి పేరు పక్కన బొమ్మ మూలన చిన్న వంకర బాణం ఉంది.

“ఎవరు తియ్యలేదమ్మా. ఇవి షార్ట్‌కట్లు. రికార్డులు ఎక్కడున్నయో చెప్పే గుర్తులే మీరు ఎక్కించుకున్నరు. అసలువి మీ ఇంటి కంప్యూటర్‌లనే ఉంటయి.”

వనజ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. “దాన్ని అమ్ముదమనుకున్నం సారూ. కొన్నోళ్ల కంట పడొద్దని నిన్ననే అన్నీ తుడిచేసిన.”

సారు వెనకే లోపలికి వచ్చిన నర్సింగం, ఇందాక నవ్వినందుకు తల దించుకున్నాడు.

“తుడిచినా ఒక్కోసారి మిగులుతయి,” అన్నాడు సారు. “దాన్ని మళ్ల ఆన్ చెయ్యకుండ, పని తెలిసినోళ్ల చేతికి ఇయ్యాలె. దొరికినవన్నీ వాళ్లు చూస్తరు, వింటరు.”

వనజ నర్సింగం వైపు చూసింది. సారు ముఖంలోకి చాలాసేపు చూసింది.

“ఎవరిని నమ్మి ఇయ్యాలె సారూ?”

“నమ్మకానికి పాస్‌వర్డ్ లేదమ్మా,” అన్నాడు రాజలింగం సారు.