ఇద్దరు లోపలికి, ఒక్కరు బయటికి

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివర దుప్పటి కప్పుకున్న అమ్మా, మీరూ ముందుకు రండి. చలి కథ దూరం నుంచి వింటే ఒంటికి పట్టదు. అన్ని జీవుల్లోనూ కొలువున్న ఆ నారాయణుడికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడతాను. ఆయన ఏనుగుకి బలమిచ్చాడు, నక్కకి బుర్ర ఇచ్చాడు. బాతుకి ఏమిచ్చాడో ఎవరూ అడగరు. ఈ కథలో నక్క కూడా అడగలేదు.

కొల్లేటి ఒడ్డున కనకయ్య అనే నక్క ఉండేవాడు. పుష్యమాసం. ఎలుకలు కూడా బొరియల్లోంచి తల బయటపెట్టనంత చలి. కనకయ్య కడుపులో ఏదైనా పడి రెండు రోజులైంది. అయినా తుంగలో దాక్కుని ఎనిమిది రోజులుగా ఒక మనిషిని గమనిస్తున్నాడు.

ఆ మనిషి పిట్టల్నీ సూర్యోదయాన్నీ ఫొటోలు తీసే ఆయన. నీటి అంచున ఉన్న మట్టిదిబ్బ పక్కనే గడ్డి కప్పిన చిన్న గుడారం వేసుకున్నాడు. రోజూ చీకటితోనే దోనెలో వచ్చేవాడు.

"సోమాలూ, మనిషి తెలివంతా ఎక్కడుందో కనిపెట్టాను," అన్నాడు కనకయ్య, తనకు తోడు తిరిగే, చేపలు పట్టుకు తినే బావురుపిల్లితో.

"ఎక్కడుంది బావా?"

"బయటికి పోయేవాడిలో ఉంది. కెమెరా ఆయనా, దోనె నడిపేవాడూ ఇద్దరూ గుడారంలోకి పోతారు. దోనెవాడు దగ్గుకుంటూ బయటికొచ్చి వెళ్లిపోతాడు. వాణ్ణి చూసి పిట్టలు గుడారం ఖాళీ అనుకుంటాయి. కెమెరా ఆయన లోపలే ఉంటాడు. పిట్టలకి లెక్కలు రావురా. కాసేపటికి ముక్కు ముందుకొచ్చి కూర్చుంటాయి."

"అయితే నేనేం చెయ్యాలి?"

"రేపు మంచు బాగా పట్టేలా ఉంది. దోనెకి దారి కనపడదు, మనుషులు రారు. నువ్వు నాతో లోపలికొచ్చి, దగ్గుకుంటూ బయటికి పో. మిగతాది నేను చూసుకుంటా. దొరికినదాంట్లో నీకు సగం."

"తల్లీ, ఆరు పిల్లలూ. ఏడులో సగం ఎంత బావా?"

"అది తర్వాత చూద్దాం. నీకు మాత్రం లెక్కలు వచ్చా ఏంటి?"

ఆ తల్లి వరహాలమ్మ అనే బాతు. పిల్లలు పుట్టి ఎనిమిది రోజులు. రాత్రంతా రెక్కల కింద పెట్టుకున్నా తెల్లారేసరికి వణికిపోయేవి. తొలి ఎండ పడేది ఆ దిబ్బ మీదే. అక్కడ కాసేపు ఒళ్లు వెచ్చబెట్టుకోకపోతే అవి బతకవు. అది కనకయ్యకీ తెలుసు. అందుకే గుడారం గుమ్మం నుంచి దిబ్బ దాకా ఎన్ని అంగలో ముందే చూసి పెట్టుకున్నాడు. ఒక్క దూకు.

మర్నాడు మంచులో రెండు నీడలు గుడారంలోకి వెళ్లాయి. ఒక నీడ దగ్గుకుంటూ బయటికొచ్చి తుంగలో కలిసిపోయింది.

లోపల కనకయ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. బయట నీళ్లలోంచి వరహాలమ్మ గొంతు వినిపించింది.

"తాతా, గుడారం ఖాళీ అయినట్టుంది కదా."

"అయింది, అయింది," అన్నాడు పక్కనే ఈదుతున్న గూడబాతు తాత, ముక్కు కింద సంచి ఊపుకుంటూ. "ఎవడో దగ్గుకుంటూ పోయాడు. ఇవాళ దగ్గు కాస్త చేపల వాసన కొట్టింది."

"నాకూ కొట్టింది. సరేలే, ఎండ పడ్డాక పిల్లల్ని గట్టెక్కిస్తా. ఈలోగా నువ్వు స్నానం కానివ్వు. ఇవాళ ఆ కొసకి పోకు, ఈ గుడారం ముందే చెయ్యి."

"నా స్నానం సంగతి తెలుసుగా తల్లీ. చుట్టుపక్కల వాళ్లందరికీ అయిపోతుంది."

"అందుకేగా చెబుతున్నది."

మీకు అర్థమైందిగా? కనకయ్యకి కాలేదు. ఆయన చెవుల్లో 'గట్టెక్కిస్తా' అన్న మాటొక్కటే మోగుతోంది.

గూడబాతు రెక్కంటే రెక్క కాదు నాయనా, పడవ తెరచాప. తాత ఒక్కసారి విదిలిస్తే మంచులాంటి నీళ్లు బిందెతో పోసినట్టు గుడారం మీద పడ్డాయి. తాతకి తోడు ఇద్దరు బావమరుదులు కూడా స్నానానికి దిగారు. బట్ట తడిసింది, కింద గడ్డి తడిసింది, కనకయ్య తోక దగ్గర్నుంచి ముక్కు దాకా తడిసింది. తుమ్ము వస్తే మింగాడు. కదిలితే ఏడు బాతులూ పోతాయి. కెమెరా ఆయన రోజూ ఇలాగే కూర్చోవడం లేదూ, ఇదీ ఒక తపస్సే అని సర్దిచెప్పుకున్నాడు. తపస్సే, కాదనను. దేనికోసమన్నది మాత్రం పైవాడు చూస్తాడు.

కాసేపటికి మంచు ఎర్రబడింది. కొల్లేరంతా పళ్లెంలో కుంకుమ కలిపినట్టయింది. కొంగలు ఒకదాని వెనక ఒకటి ఆ ఎరుపులోంచి లేచాయి. చూసి చెయ్యెత్తి మొక్కాల్సిన వేళ. కనకయ్య దిబ్బ వంకే చూస్తున్నాడు.

వరహాలమ్మ పిల్లల్ని నీళ్లలోనే ఉంచి, తనొక్కతే దిబ్బ మీద ఒక అడుగు పెట్టింది.

కనకయ్య దూకాడు. అంటే, మనసు దూకింది. కొయ్యబారిన కాళ్లు గుడారంలోనే ఉండిపోయాయి. మూతి వెళ్లి బురదలో దిగబడింది. వెనకాలే గుడారం కూలి నెత్తిన పడింది.

వరహాలమ్మ అడుగు వెనక్కి తీసుకుంది. "ఎంతసేపైంది అన్నయ్యా వచ్చి? దగ్గింది నువ్వు కాదులే, ఆయన వెళ్లిపోయాడు."

"నీకెలా తెలుసు?" అన్నాడు కనకయ్య, నోట్లో బురదతో.

"పిల్లల తల్లిని. రాత్రి రెక్క కిందికి ఆరుగురూ వచ్చారా, పొద్దున ఆరుగురూ బయటికొచ్చారా అని చూసుకుంటే గాని నాకు ముద్ద దిగదు. ఇద్దరు వెళ్లి ఒక్కరే వస్తే తెలియదా?"

"మరి రోజూ ఆ మనిషి లోపలున్నాడని..."

"తెలుసు. ఆయనున్నంతసేపూ నువ్వు రావు. అందుకే తెలియనట్టుంటాం. నిన్ను ముందే తరిమేస్తే రేపు మళ్లీ వస్తావని ఇంతసేపు కూర్చోబెట్టాను."

కనకయ్య ఆ బట్టలోంచి బయటపడేలోపే ఎండకి మంచు విడిపోయి, దోనె రానే వచ్చింది. కెమెరా టకటకమంది. మెడలో గుడారం బట్ట, మొహాన బురదతో నక్క, వెనకాల బంగారు నీళ్లలో బాతు, ఆరు పిల్లలు. ఆ శీతాకాలానికి ఆయన తీసిన ఫొటోలన్నింట్లో అదే గొప్పదట. కనకయ్య మాత్రం దాన్ని చూడలేదు. కుంటుకుంటూ తుంగలోకి పోయాడు. అక్కడ సోమాలు చేపలు తిని మూతి నాక్కుంటున్నాడు.

"నా సగం ఏది బావా?"

కనకయ్య ఒళ్లు విదిలించాడు. సగం బురద సోమాలు మీద పడింది. ఆ తర్వాత ఆయన ఆ దిబ్బ వైపు రాలేదు.

ఇక్కడ కెమెరా ఆయన గుడారం నిలబెడుతూ దోనెవాడితో అన్నాడు: "పిట్టలకి లెక్కలు రావు కాబట్టి సరిపోయింది." ఇద్దరూ లోపలికెళ్లారు. ఒక్కడు దగ్గుకుంటూ బయటికొచ్చాడు. ఈసారి బీడీ వాసన. వరహాలమ్మ ఏమీ తెలియనట్టు ఆరుగురినీ ఎండలోకి ఎక్కించింది.

నీతి ఇంతే: మోసగాడు ఎదుటివాళ్ల తెలివిని తక్కువగా కొలుస్తాడు, అక్కడే దొరికిపోతాడు.

నారాయణుడు బాతుకిచ్చింది ఏమిటో ఇప్పుడు చూశారుగా. కథంతా మరిచిపోయినా పరవాలేదు. నావాళ్లు ఎంతమంది వెళ్లారు, ఎంతమంది తిరిగొచ్చారు అని ఆ తల్లి పూటపూటా చూసుకున్న ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో మీరూ ఆ పని చేసి, పొద్దున్నే ఇంకొకరికి చెప్పండి.