భూషణం వదిలిన కోటు

"గురువుగారూ, కాశీకి వెళ్లినవాళ్లు తమకిష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలి రావాలంటారు కదా. నేను ఏది వదలమంటారు?"

తెనాలిలో రైసుమిల్లు నడిపే ఫణిభూషణం అడిగిన ప్రశ్న ఇది. అడిగింది మృత్యుంజయశాస్త్రిగారిని. శాస్త్రిగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూస్తారు, "మంచి ప్రశ్న" అంటారు, ఆ తర్వాత దానితో సంబంధం లేని మాట ఏదో చెప్పి పంపించేస్తారు. జవాబు రాకపోదు. ఎప్పుడో, మనం ప్రశ్న మరిచిపోయాక, ఏదో ఒకటి జరుగుతుంది, అప్పుడు వస్తుంది. ఆ రోజూ అంతే.

"మంచి ప్రశ్న. మాఘమాసంలో కాశీ చలి ఎలా ఉంటుందో నీకు తెలియదు. ముందు మంచి కోటొకటి కొనుక్కో" అన్నారు.

భూషణం గుమ్మందాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. ఆయన ఏళ్ల తరబడి మంత్రోపదేశం కోసం అడుగుతున్నాడు, శాస్త్రిగారు దాటేస్తున్నారు. "మరి నా ఉపదేశం మాట?"

"అదీ కాశీలోనే చూద్దాం. నువ్వు ఏం వదులుతావో చూసి."

ఇంకేముంది! అయ్యా, అమ్మా, ఆ ఒక్క మాటతో భూషణానికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. వదిలేది గొప్పగా ఉండాలి, గురువుగారి మనసు కరగాలి, చెవిలో మంత్రం పడాలి. నెలరోజులూ ఇదే ధ్యాస.

కోటు కొనడానికి విజయవాడ వెళ్లారు. శాస్త్రిగారూ వెంట వచ్చారు, చిన్నతనంలో కాశీలో చదువుకున్న మనిషి కాబట్టి. మన కృష్ణాతీరం వాళ్లకు చలి సంగతి ఏం తెలుసు చెప్పండి? తెల్లవారుజామున మెడకు తువ్వాలు చుట్టుకుంటే తీరిపోయే చలి మనది. దుకాణంలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, భూషణం కోటు తొడుక్కుని నిలబడ్డాడు, చెవుల వెనకనుంచి చెమట కారుతోంది.

"వెచ్చగా ఉందా?" అన్నారు గురువుగారు.

"ఉడికిపోతున్నాను గురువుగారూ!"

"అది విజయవాడ వేడి నాయనా. కోటుది కాదు."

మొదట చూసిన కోటు నల్లటిది, గొంగళి అంత మందం. అందులో భూషణం నిండు ధాన్యం బస్తాలా ఉన్నాడు. రెండోది ఒంటెరంగుది, నడుము దగ్గర నొక్కి కుట్టింది. వేసుకుంటే పదేళ్లు తగ్గినట్టున్నాడు గానీ, శాస్త్రిగారు దాని వీపు బట్టకు నోరు ఆనించి ఊదితే అవతల పెట్టిన భూషణం అరచేతికి గాలి తగిలింది. "నా ఊపిరే ఆగలేదు. గంగ మీది గాలి ఆగుతుందా?" అని తీసి పక్కన పడేశారు.

భూషణం నిట్టూర్చి నల్లకోటు వైపు చెయ్యి చాచాడు. గురువుగారి ముందు సోకులు వెతికితే ఏం బాగుంటుందని ఆయన భయం. శాస్త్రిగారు ఆ చేతి మీద ఒక్కటి వేశారు. "అందం మానుకోమని ఎవరన్నారు నిన్ను? స్వామికి శాలువా కప్పేటప్పుడు మంచి అంచున్నది చూసి కప్పమూ? రెండూ ఉన్నది వెతుకు."

వెతకగా వెతకగా దొరికింది. కాఫీగింజ రంగు. చిక్కటి ఉన్ని, పిడికిట్లో నలిపి వదిలితే ముడత పడకుండా తేరుకుంటోంది. లోపల నున్నటి అస్తరు, మోకాలు దాటిన పొడుగు, పైకెత్తితే చెవులదాకా వచ్చే కాలరు, రెండు వరసల బొత్తాలు. అప్పుడు గురువుగారు ఏం చేశారో తెలుసా? ఆయన పంచె మీద, ఉత్తరీయం మీద, నుదుటి విభూతి రేఖలతో సహా ఆ కోటు తొడుక్కుని, కాలరు పైకెత్తి, అద్దం ముందు ఇటూ అటూ తిరిగి చూసుకున్నారు! "భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీదే పడింది. మనిద్దరిదీ ఒకే కొలత. తీసుకో" అన్నారు.

ఇక రైల్లో చూడాలి ఆ వైభవం. పాతికమంది అనుకోండి, తెనాలి యాత్రికులు. అందరి కళ్లూ ఆ కోటు మీదే. "భూషణంగారూ, కలెక్టరుగారిలా ఉన్నారండీ" అని ఒకరు. "టిక్కెట్టు చూసేవాడు మీకు సలాం కొట్టి, మమ్మల్ని మాత్రం గుచ్చి గుచ్చి అడిగాడండీ" అని ఇంకొకరు. భూషణం బొత్తాలు తడుముకుంటూ నవ్వుకున్నాడు. నవ్వుకుంటూ ఉండగానే గుండె ఝల్లుమంది. ఇదే! నాకు ఇష్టమైంది ఇదే! కాఫీ కంటే, నస్యం కంటే, మామిడిపండు కంటే. వదలాల్సింది దీన్నే. ఆ ఊహకు ఆయనకే భయమేసింది. ఎవరికీ చెప్పకుండా గుట్టుగా దాచుకున్నాడు. ఆయన వేషం వేస్తున్నాడని అనుకోకండి. నిజంగానే ఆ కోటును చూసుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

ఆ రైల్లోనే భూషణం చెల్లెలు మాణిక్యాంబ, ఆమె భర్త కోటిలింగం ఉన్నారు. బావా బావమరుదులకు మాటల్లేవు. భూషణం కూతురి పెళ్లిలో కోటిలింగాన్ని మొదటి బంతికి పిలవలేదు. పిలవలేదని ఆయన పట్టు. ఇంటల్లుడు పిలిస్తేగానీ వచ్చి విస్తరి ముందు కూర్చోడా అని ఈయన పట్టు. ఇటార్సీ దాటాక చలి పట్టుకుంది. మాణిక్యాంబకు వణుకు వస్తే కోటిలింగం తనకున్న ఒక్క ఉన్ని శాలువా ఆమెకు చుట్టి, తాను నూలు దుప్పటి కప్పుకున్నాడు. తెల్లారేసరికి దగ్గు. కాశీలో దిగేసరికి ఆ దగ్గు పెట్టె అంతటికీ వినిపిస్తోంది. భూషణానికీ వినిపించింది. "చలిదేశం వస్తూ సరంజామా లేకుండా ఎవరు రమ్మన్నారు?" అని కిటికీ వైపు తిరిగి అన్నాడు. కోటిలింగం కూడా కిటికీ వైపే తిరిగి, "కొందరికి విజయవాడదాకా వెళ్లి తెచ్చుకునే తీరిక ఉంటుంది" అన్నాడు. మాణిక్యాంబ ఇద్దరినీ చూసి నెత్తి కొట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే కేదారఘాట్. మంచు ఎంత దట్టంగా ఉందంటే గంగ చప్పుడే గానీ గంగ కనబడటం లేదు. అందరూ మునకలు వేసి, పళ్లు టకటకలాడిస్తూ పొడిబట్టలు కట్టుకుని మెట్లమీద కూర్చున్నారు. పురోహితుడు సంకల్పం చెప్పించాడు. ఒక్కొక్కరే దోసిట్లో గంగ పట్టుకుని తాము వదిలేదాని పేరు చెబుతున్నారు. వెంకాయమ్మగారు కాకరకాయ అంది.

"వెంకాయమ్మా, కాకరకాయ నువ్వెప్పుడు తిన్నావమ్మా?" అన్నారు శాస్త్రిగారు.

"తినలేదండీ. ఇక తినమని కోడలు బలవంతం పెట్టకుండా ఉంటుందని!"

అందరూ ఘొల్లున నవ్వారు. కోటిలింగం సీతాఫలం వదిలాడు, మధ్యలో దగ్గొచ్చి దోసిట్లో నీళ్లు సగం ఒలికిపోయాయి. ఆయన పక్క మెట్టు మీదే భూషణం ఉన్నాడు. భూషణం వంతు వచ్చింది. ఆయన లేచి నిలబడి బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు.

"ఏమిటండీ?" అన్నాడు పురోహితుడు.

"గురువుగారూ! నాకు ప్రాణంతో సమానమైంది ఇదే. వదిలేస్తున్నాను!"

అంటూనే కోటును రెండు చేతులా ఎత్తి గంగలోకి విసిరేశాడు.

కోటు మునగలేదు. రెండు చేతులూ చాచుకుని, వీపు పైకి తేలి, మంచులో మెల్లగా తిరుగుతూ కదిలిపోతోంది. పక్క ఘాట్‌లో ఒకావిడ అది చూసి కెవ్వుమంది: "ఎవరో మనిషి! ఎవరో కొట్టుకుపోతున్నారు!" ఆ కేకకు ఒళ్లు జలదరించి ఆడవాళ్లంతా లేచారు. అంతలో ధభీమని చప్పుడు. ఈసారి నిజంగా మనిషే. మృత్యుంజయశాస్త్రిగారు! అప్పుడే కట్టుకున్న మడిపంచెతో, ఆ వయసులో, నడుములోతు నీళ్లలోకి దూకారు.

"గురువుగారూ!" అని భూషణం అరిచాడు.

శాస్త్రిగారు నీళ్లలోని మెట్లను కాళ్లతో తడుముకుంటూ, చంకలదాకా మునిగి, ఒక చేతిని పట్టుకున్నారు. కోటు చేతిని. ఉన్ని గంగను పీల్చుకుని రాయిలా బరువెక్కింది. దాన్ని ఒక్కో మెట్టూ ఈడ్చుకొచ్చి భూషణం కాళ్ల దగ్గర కుప్పగా పడేశారు. నీళ్లు బొళబొళా కారి మెట్లన్నీ తడిశాయి. గురువుగారి పెదవులు నీలంగా మారాయి. దవడలు కొట్టుకుంటున్నాయి. ఏదో అనబోయారు, మాట రాలేదు.

ఆయనకు ఏదైనా కప్పాలని భూషణం చెయ్యి దానంతటదే తన భుజం మీదకు వెళ్లింది. అక్కడ ఏముంది? చొక్కా. కప్పాల్సింది కాళ్ల దగ్గర నీళ్లు కారుతూ పడి ఉంది. ఆ చెయ్యి భుజం మీదే ఆగిపోయింది. ఎవరి దగ్గరా విడిగా పొడిబట్ట లేదు, సామాన్లన్నీ సత్రంలో ఉన్నాయి. మాణిక్యాంబ తన శాలువా ముడి విప్పబోయేలోపే పక్క మెట్టు నుంచి ఒక నూలు దుప్పటి వచ్చి గురువుగారి వీపు మీద పడింది. కప్పినవాడు ఒట్టి బనీనుతో నిలబడి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని, దగ్గుతున్నాడు.

భూషణం ఆ దగ్గు వైపు మొదటిసారి తల తిప్పి చూశాడు. బనీను చిల్లులోంచి ఎముకలు కనిపిస్తున్నాయి. ఈ మనిషి ఇంత చిక్కిపోయాడా? ఎప్పుడు?

శాస్త్రిగారు దుప్పటితో తల తుడుచుకున్నారు. కాసేపటికి మాట కూడదీసుకుని, "భూషణం, ఇలా రా. కూర్చో" అన్నారు. భూషణం ఆ తడిమెట్టు మీదే కూర్చున్నాడు. గురువుగారు ఎదురుగా కూర్చుని దుప్పటిని ఇద్దరి తలల మీదుగా గుడారంలా కప్పారు. ఉపదేశం చేసేటప్పుడు అలాగే కదండీ కప్పుతారు! పురోహితుడు చటుక్కున చేతులు జోడించాడు. "ఉపదేశం... భూషణంగారికి ఉపదేశం" అని గుసగుసలు మెట్టు మెట్టుకూ పాకాయి. ఏళ్లుగా అడుగుతున్నది దొరుకుతోందని వెంకాయమ్మగారు కళ్లొత్తుకుంది. దుప్పటి లోపల చీకటి. గురువుగారి వణుకు భూషణం మోకాళ్లకు తగులుతోంది. భూషణం వంగి కుడిచెవి అందించాడు.

చెవిలో పడిన మాట ఎవరికీ చెప్పకూడదన్న నియమం శాస్త్రిగారు ఆనాడు పెట్టలేదు. భూషణం దాచుకోనూ లేదు. ఆ తర్వాత ఎవరు అడిగినా చెప్పేవాడు, అందుకే మనదాకా వచ్చింది.

"ఒరే భూషణం, గంగమ్మకు చలేస్తోందని నీతో ఎవరన్నార్రా?"